రివ్యూవాళ్ల మీద కోపం మానేశాను

సోమవారం, ఉదయం

ఈ రోజు నుంచి కోపం మానేశాను!

అన్ని కోపాలూ కాదు. కూరలో ఉప్పు ఎక్కువైనప్పుడూ, లిఫ్టు ఆగిపోయినప్పుడూ వచ్చే చిన్నాచితకా కోపాల జోలికి పోవడం లేదు. మానేసింది ఒక్కటే. యాప్ స్టోరు రివ్యూవాళ్ల మీద కోపం.

యాప్ తయారుచేసినవాడు దాన్ని నేరుగా జనానికి ఇవ్వలేడు. ముందు స్టోరుకి పంపాలి. అక్కడ ముఖం తెలియని మహానుభావుడు ఒకడు దాన్ని నొక్కి, పొడిచి, వాసన చూసి, నచ్చితే సరేనంటాడు. లేకపోతే వెనక్కి కొడతాడు. నేను ఇంతకుముందు చేసిన యాప్‌ని వెనక్కి కొట్టీ కొట్టీ గోడకేసిన బంతిని చేశారు. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. మా ఇంట్లో రివ్యూ మీద కోపం కీబోర్డు మీద. స్పేస్‌బార్ ఊడి సోఫా కిందికి పోయింది.

ఈసారి ఒట్టు పెట్టించింది మా ఆవిడ. కారణం అత్తగారి గొంతు.

అత్తగారు రిటైరైన లెక్కల టీచరు. ఉద్యోగమంతా చివరి బెంచీకి వినపడేలా పాఠాలు చెప్పి గొంతులో కాయలు కాశాయి. శనివారం ఆపరేషన్ చేసి తీసేశారు. ఆరు వారాలు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస కూడా పనికిరాదు. మాట్లాడితే ఉన్న గొంతు కూడా పోవచ్చునని డాక్టరు ఖండితంగా చెప్పాడు. పలక మీద రాసి చూపించమన్నాడు.

మా ఆవిడ లెక్క సూటిగా ఉంది. "మీరు అరుస్తారు. మీరు అరిస్తే అమ్మ ఊరుకోదు, ఏదో ఒకటి అనేస్తుంది. అంటే తన గొంతు పోతుంది. అందుకని మీరు అరవకూడదు." లెక్కల టీచరు కూతురు అనిపించుకుంది.

యాప్ పేరు 'మాటసాయం'. అత్తగారి కోసమే రాశాను. ఆపరేషన్‌కి ముందే ఆవిడ గొంతు రికార్డు చేశాం. తెర నిండా బటన్లు, ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ. గ్లాసు బొమ్మ నొక్కితే గ్రూపులో ఉన్న అందరి ఫోన్లలోంచీ ఆవిడ గొంతు "నీళ్లు!" అంటుంది. ఫోన్ తెరవక్కర్లేదు, చూడక్కర్లేదు. దానంతట అదే పలుకుతుంది. దీని గొప్పతనమంతా అదే!

"మీకు ఏమేం మాటలు అవసరమో అవి చెప్పండి అత్తయ్యగారూ" అని మైకు ముందు కూర్చోబెట్టాను. మొదటి మాట నుంచి చివరి మాట దాకా అన్నీ ఆజ్ఞలే చెప్పారు. "అల్లుడికి అండీ అనక్కర్లేదా అమ్మా?" అని మా ఆవిడ అంటే, "మైకుకి అండీ ఏమిటే" అన్నారు.

మా ముగ్గురి ఫోన్లలో టెస్టు వెర్షన్ నడుస్తోంది. కానీ ఇది అసలు చేరాల్సింది పెద్దత్తగారికి. అంటే అత్తగారి అక్క. దూరాన వేరే ఊళ్లో ఒక్కరే ఉంటారు. చూపు బాగా తగ్గింది, మెసేజీలు చదవలేరు. అక్కచెల్లెళ్లిద్దరూ రోజూ సాయంత్రం ఫోన్లో మాట్లాడుకోకపోతే వాళ్లకి పొద్దు గడవదు. ఇప్పుడు ఒకవైపు గొంతు ఆగిపోయింది. పెద్దత్తగారు శనివారం నుంచి సరిగ్గా తినడం లేదని వంటమనిషి చెప్పింది. టెస్టు వెర్షన్ పెట్టాలంటే మెయిలు తెరవాలి, లింకు నొక్కాలి, కోడ్ కొట్టాలి. అక్కడ ఎవరికీ చేతకాదు. స్టోరులోకి వచ్చేసిందంటే వంటమనిషే ఒక్క నొక్కుతో పెట్టేస్తుంది.

ఇప్పుడే రివ్యూకి పంపాను. నియమాలు:

ఎన్నిసార్లు వెనక్కి కొట్టినా చిరునవ్వు.
ప్రతి జవాబులో 'దయచేసి' తప్పనిసరి.
కీబోర్డుకీ ప్రాణం ఉంటుందనుకోవాలి.

అబ్బ, మనసు ఎంత తేలిగ్గా ఉందో!

మంగళవారం, 10 గంటలు

స్థితి: రివ్యూ కోసం వేచి ఉంది.
కోపం: లేదు.

10.05

వేచి ఉంది. లేదు.

10.07

వేచి ఉంది. లేదు.

మధ్యాహ్నం

మా ఆవిడ ఆఫీసు నుంచి ఫోన్ చేసింది. "పొద్దున్నుంచీ అదే పనిగా చూస్తున్నారు కదూ?" అంది. చూడటం కోపం కిందికి రాదని చెప్పాను.

బుధవారం, ఉదయం

వెనక్కి కొట్టారు!

కారణం: లోపలికి వెళ్లి పరీక్షించడానికి డెమో అకౌంటు ఇవ్వలేదు.

నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. తప్పు నాదే. తాళం వేసి ఇల్లు చూసుకోమంటే ఎవరు మాత్రం ఏం చూస్తారు? రివ్యూవాళ్లూ మనుషులే పాపం. ఇన్నాళ్లూ వాళ్లని అపార్థం చేసుకున్నాను.

వెంటనే డెమో అకౌంటు తెరిచి 'అతిథి' అని పేరు పెట్టాను. కొత్తది కదా, గ్రూపులో ఎవరూ లేక బోసిగా ఉంది. ఎవరూ లేని ఇంటికి అతిథిని పిలిస్తే ఏం మర్యాద? ఖాళీగా ఉందని మళ్లీ వెనక్కి కొడతారు. అందుకని అతిథిని తీసుకొచ్చి మా ఇంటి గ్రూపులోనే కూర్చోబెట్టాను. చిటికెలో పని. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తిరిగి పంపాను. 'దయచేసి' రెండుసార్లు వాడాను.

గురువారం, 10.20

ఫోన్లోంచి అత్తగారి గొంతు: "నీళ్లు!"

పక్క గదిలోకి పరుగెత్తి గ్లాసు అందించాను. ఒకలా చూశారు. తాగారు.

10.22

"నీళ్లు!" మళ్లీ ఇచ్చాను. మళ్లీ తాగారు.

10.25

"నీళ్లు! నీళ్లు! నీళ్లు!"

ఈసారి చెంబుతో తీసుకెళ్లాను. చేత్తో వద్దన్నారు. అడగడమూ ఆవిడే, వద్దనడమూ ఆవిడే. ఒకప్పుడైతే చిర్రెత్తేది. ఒట్టు పుణ్యమా అని నవ్వుకున్నాను.

11.15

క్లయింటుతో వీడియో మీటింగు. కొత్త డిజైను ఎలా ఉండాలో ఆయన వివరిస్తున్నాడు. టేబుల్ మీది ఫోన్ ఉన్నట్టుండి, "నోరు మూసుకుని చెప్పింది విను!" అంది.

ఆయన టక్కున ఆగిపోయాడు. మీటింగు అయ్యేదాకా నేను చెప్పింది బుద్ధిగా విన్నాడు. ఆయనతో ఇంత సాఫీగా ఎప్పుడూ జరగలేదు.

1 గంట

"భోజనం చెయ్యి!"

నా తిండి గురించి అత్తగారు పట్టించుకోవడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. కళ్లు చెమర్చాయి. ఆకలి లేకపోయినా తిన్నాను.

2.30

"పడుకో!"

పడుకున్నాను.

శుక్రవారం, ఉదయం

రెండోసారి.

కారణం: యాప్‌లోని స్వరం వాడేవారిని మందలిస్తున్నట్టుగా ఉంది. చిన్నపిల్లలు భయపడవచ్చు. వయసు వర్గం మార్చండి.

చిన్నపిల్లలా! ఆ గొంతు బతుకంతా విన్నది చిన్నపిల్లలే కదయ్యా! వాళ్లలో ఒక్కరైనా...

లేదు. చిరునవ్వు. చిరునవ్వు.

బాత్రూంలోకి వెళ్లి, తలుపు గడియ పెట్టి, కొళాయి పూర్తిగా తిప్పి, నాలుగు మాటలు అన్నాను. ఇది కోపం కాదు. నీళ్ల చప్పుడులో కలిసిపోయిన మాట అసలు మాటే కాదు. పైగా కోపం వేరు, న్యాయమైన బాధ వేరు.

సాయంత్రం

"బాత్రూంలో ఎవరితో మాట్లాడారు?" అంది మా ఆవిడ. "పక్కింటావిడ అడిగింది."

"పాట పాడుకున్నాను."

"ఏం పాట? 'బుర్రలో గుజ్జుందా మీకు' అనే పాటా?"

గోడలు ఇంత పల్చగా కట్టినవాళ్లని అనాలి. వయసు వర్గం మార్చి తిరిగి పంపాను. 'దయచేసి' ఒక్కసారే వాడాను.

శనివారం, సాయంత్రం

నీళ్ల ఆజ్ఞలు ఆగడం లేదు. నేను మోయడమూ ఆగడం లేదు. అత్తగారు నా వైపు ఈమధ్య ఎంతో ఆప్యాయంగా చూస్తున్నారు. తనలో తనే నవ్వుకుంటూ ఎప్పుడూ ఫోన్‌తోనే ఉంటున్నారు. వేళకి తినమంటున్నారు, కంగారు పడొద్దంటున్నారు, మధ్యాహ్నం పడుకోమంటున్నారు. బరువు పెరిగాను.

ఇది రాద్దామని కూర్చోలేదు అసలు. ఇంకొకటి జరిగింది.

మా ఆవిడ పెద్దత్తగారికి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. డాక్టరు ఏమన్నాడో, అమ్మ ఏం తింటోందో అన్నీ చెప్పింది. ఆవిడ విన్నారు. "నువ్వు బాగానే చెబుతున్నావే తల్లీ. కానీ దాని గొంతు వినిపించు. ఒక్క మాట. నన్ను తిట్టినా సరే" అన్నారు.

అత్తగారు పక్కనే కూర్చుని ఉన్నారు. చేత్తో నోరు గట్టిగా మూసుకున్నారు. కాసేపటికి లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు. స్టోరులో ఎవడో తీరిగ్గా కూర్చుని చిన్నపిల్లలు భయపడతారంటాడు!

స్థితి: వేచి ఉంది. కోపం: చెప్పను.

సోమవారం, మధ్యాహ్నం

ఒట్టు తీసి గట్టున పెట్టాను.

మూడోసారి! కారణం, ఉన్నది ఉన్నట్టుగా: "పరీక్షా సమయంలో గుర్తు తెలియని వ్యక్తి ఒకరు మా రివ్యూయర్‌ని కొన్ని రోజులుగా అదేపనిగా సంప్రదిస్తున్నారు. అపరిచితులను అడ్డుకోవడానికి మీ యాప్‌లో ఎటువంటి ఏర్పాటూ లేదు."

గుర్తు తెలియని వ్యక్తి! ఆ యాప్ ఈ భూమ్మీద మూడే మూడు ఫోన్లలో ఉంది. నాది, మా ఆవిడది, అత్తగారిది. మా ఆవిడ ఆఫీసులో గోల అని తన ఫోన్‌లో శబ్దం ఆపేసింది. అత్తగారు నన్ను నీళ్లడగడంతోనే సరిపోతోంది. మరి ఎవరు సంప్రదించారయ్యా వాణ్ని? దయ్యమా?

జవాబు రాశాను. "అయ్యా, మీ రివ్యూయర్‌కి లేని మనుషుల మాటలు వినిపిస్తున్నాయి. ఆలస్యం చేయకుండా దయచేసి డాక్టరుకి చూపించండి." పంపేశాను. గమనించాలి, 'దయచేసి' వదల్లేదు.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. హాల్లోకి వచ్చాను. కొళాయి లేదు, గడియ లేదు. ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. ఏమేం అన్నానో ఇక్కడ రాయను. సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న మా ఆవిడ వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చింది. అత్తగారు గదిలోంచి వచ్చారు. ఆ నడక చూస్తే అర్థమైపోయింది, క్లాసులో అల్లరి వినిపించిన టీచరు నడక. నా ఎదురుగా నిలబడ్డారు. వేలెత్తారు. నోరు తెరిచారు.

"అ..."

మా ఆవిడ ఎలా అందుకుందో తెలియదు. ఎగిరినట్టు వచ్చి తల్లి నోరు అరచేత్తో మూసేసింది. ముగ్గురం అలాగే బిగుసుకుపోయాం. అత్తగారి కళ్లలో భయం నేను ఎప్పుడూ చూడలేదు. ఇవాళ చూశాను.

మా ఆవిడ నా వంక చూడకుండా తల్లిని గదిలోకి తీసుకెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

మంగళవారం, సాయంత్రం

గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాం. పెద్ద క్యూ. బెంచీ మీద అత్తగారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆవిడ ఫోన్ మా ఆవిడ సంచిలో ఉంది. నేను తల దించుకుని ఉన్నాను.

నా జేబులోంచి అత్తగారు: "నీళ్లు!"

అలవాటు కొద్దీ లేచాను. రెండడుగులు వేశాను. ఆగాను. వెనక్కి చూశాను. ఆవిడ చేతులు కట్టుకునే ఉన్నారు.

"నీళ్లు! నీళ్లు!"

ఇన్ని రోజుల్లో మొదటిసారి తెర వంక చూశాను. చూడక్కర్లేని యాప్ చేశానని గొప్ప కదా మరి! పంపినవారు: అతిథి.

నొక్కుతున్నది రివ్యూ మనిషని నాకు వెలగడానికి కొంచెం టైము పట్టింది. ఈలోగా అత్తగారు సంచిలోంచి తన ఫోన్ లాక్కుని, ఎంతో అలవాటైన వేళ్లతో రెండు బటన్లు నొక్కారు. "నీళ్లు తాగు! కంగారు పడకు!" అని ఆవిడ గొంతు వరండా అంతా మోగింది. క్యూలో తోసుకుంటున్న జనం ఠక్కున సర్దుకుని నిలబడ్డారు. ఎవరో సీసా తీసి గటగటా తాగేశాడు కూడా.

పాత మాటలన్నీ పైకి జరిపి చూశాను. అతిథి నీళ్లంటాడు, ఈవిడ తాగమంటారు. అతిథి ఫ్యాన్ వెయ్యమంటాడు, ఈవిడ పడుకోమంటారు. అతిథి కళ్లజోడు అడుగుతాడు, ఈవిడ భోజనం చెయ్యమంటారు. నేను తిన్న భోజనాలు, పోయిన నిద్రలు, అన్నీ అతిథివి! నన్ను ఎవరూ దేనికీ పిలవలేదు.

అత్తగారు పలక మీద రాశారు. "డాక్టరుగారి పేషెంటు ఎవరో అనుకున్నాను. నాలాగే గొంతు లేని మనిషి. పాపం నీళ్లు నీళ్లు అంటుంటే ఎవరూ పలకడం లేదు. అందుకని నేను పలికాను."

"మరి నేను తెచ్చిన నీళ్లు?" అని అడిగాను.

చెరిపి మళ్లీ రాశారు. "మర్యాదకి తాగాను."

మా ఆవిడ ఆపుకోలేక నవ్వేసింది. నిన్నటి నుంచి ఆ నవ్వు కోసమే ఎదురుచూస్తున్నాను. నేనూ నవ్వాను. కానీ నిన్న పంపిన జవాబు గుర్తొచ్చి నవ్వు మధ్యలోనే చచ్చిపోయింది. అతిథికి వినిపించింది నిజమే. డాక్టరుకి చూపించాల్సింది నన్ను.

డాక్టరు గొట్టం పెట్టి చూశాడు. "అదృష్టం, ఒక్క అక్షరంతో పోయింది. ఇంకోసారైతే నా చేతుల్లో లేదు" అన్నాడు. మౌనం ఇంకో వారం పెంచాడు. బయటికి వస్తుంటే ఆపి, "ఇందాక ఆ వరండాలో పలికిందేమిటి? నా పేషెంట్లందరికీ పెట్టించొచ్చా? స్టోరులో ఉందా?" అని అడిగాడు.

"వస్తుందండీ" అన్నాను.

బుధవారం, ఉదయం

రివ్యూవాళ్లకి క్షమాపణ రాశాను. ఇందులో 'దయచేసి' లెక్కపెట్టలేదు. మీ మనిషి చెవులు దివ్యంగా ఉన్నాయి, ఆ అపరిచితురాలు మా అత్తగారు అని ఒప్పుకున్నాను. అపరిచితులను అడ్డుకునే బటన్ పెట్టాను. అతిథిని మా గ్రూపులోంచి తీసేసి వేరే గ్రూపులో ఉంచాను.

తీసేసేముందు అత్తగారు ఒక్క నిమిషం ఆగమన్నారు. "జాగ్రత్త!" బటన్ నొక్కారు. చాలాసేపు చూశారు.

జవాబు వచ్చింది: "నీళ్లు!"

"పిచ్చి నాగన్న" అని పలక మీద రాశారు.

శుక్రవారం, ఉదయం

నాలుగోసారి.

కారణం: డెమో అకౌంటు గ్రూపులో ఎవరూ లేరు. బటన్ నొక్కితే వినేవారు లేనందున యాప్ పనిచేస్తున్నదీ లేనిదీ నిర్ధారించలేకపోయాం.

మనుషులుంటే ఎందుకున్నారంటారు. లేకపోతే ఎందుకు లేరంటారు. ముందుకు వెళ్తే నుయ్యి, వెనక్కి వెళ్తే గొయ్యి!

అరవలేదు. అరవడానికి ఓపిక లేదు. లాప్‌టాప్ మూసి బీరువాలో బట్టల కింద పెట్టేశాను. ఒట్టూ లేదు, యాపూ లేదు. ఇక ఈ పనే వద్దు. కూరగాయలు అమ్ముకుంటాను. వంకాయ వెనక్కి వస్తే దానికి కారణం కనపడుతుంది, పుచ్చు.

అత్తగారు వచ్చి నా ముందు పలక పెట్టారు. "నేనూ వాళ్ల పనే చేశాను. లెక్క తప్పితే నోట్సు మొహాన కొట్టి మళ్లీ చేసుకురా అనేదాన్ని. ఎక్కడ తప్పో చెప్పేదాన్ని కాదు. పిల్లలు ఇంటికెళ్లి ఇలాగే తిట్టుకుని ఉంటారు."

"ఎక్కడ తప్పో ఎందుకు చెప్పేవారు కాదండీ?" అన్నాను, నిష్ఠూరంగానే.

చెరిపి రాశారు. "అరవై నోట్సులుండేవి బాబూ."

అయినా బీరువా తెరవలేదు.

శనివారం, సాయంత్రం

ఇది వెంటనే రాయాలి.

మార్కెట్టుకి వెళ్లి (కొనడానికే) తిరిగి వచ్చేసరికి ఇంట్లోంచి అత్తగారి గొంతు వినిపిస్తోంది. మాట్లాడేశారు! సంచీ వదిలేసి లోపలికి పరుగెత్తాను.

అత్తగారు మాట్లాడటం లేదు. మంచం మీద కూర్చున్నారు. ఎదురుగా రెండు ఫోన్లు. ఒకటి మా ఆవిడది. అందులో పెద్దత్తగారికి మామూలుగా ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి ఉంది. రెండోది తనది. అందులో మాటసాయం తెరిచి, బటన్ నొక్కి, ఆ ఫోన్‌ని ఈ ఫోన్ దగ్గర పెడుతున్నారు. అంతే!

స్టోరు అక్కర్లేదు. రివ్యూ అక్కర్లేదు. అవతల యాప్ ఉండనే అక్కర్లేదు. రెండు వారాలుగా ఈ ఇంట్లో రెండు ఫోన్లూ పక్కపక్కనే ఉన్నాయి. నాకు తట్టలేదు. ఏ అడ్డు వచ్చినా ఇంకో వెర్షన్ రాయడమే నాకు తెలిసిన దారి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

అటునుంచి పెద్దత్తగారు. "అది నువ్వేనటే? నిజంగా నువ్వేనా?"

అత్తగారు నొక్కారు. "నోరు మూసుకుని చెప్పింది విను!"

"నువ్వే! నువ్వే!" అన్నారు పెద్దత్తగారు. "చెప్పవే. వింటాను. నొప్పిగా ఉందా నీకు? బాగున్నావా?"

అత్తగారి వేలు ఆగిపోయింది. ఆ వేలు పై వరస నుంచి కింది వరస దాకా వెతికింది. మళ్లీ పైకి వచ్చింది. రికార్డు చేసింది నేనే కాబట్టి నాకు తెలుసు. అందులో అన్నీ ఆజ్ఞలే. 'బాగున్నాను' అనే మాట లేదు. ఆవిడ నా వైపు చూశారు. నేను ఏం చేయగలను? మేము ఆ మాట అడగలేదు, ఆవిడా చెప్పలేదు. పెదవులు కదిలాయి. మా ఆవిడ ఒక అడుగు ముందుకు వేసింది. అత్తగారు పెదవులు బిగబట్టుకుని, ఒక బటన్ వెతికి నొక్కారు.

"నిటారుగా కూర్చో!"

అటువైపు మంచం కిర్రుమంది. గాజులు గలగలమన్నాయి.

"కూర్చున్నానే" అన్నారు పెద్దత్తగారు. ముక్కు ఎగబీల్చారు. "గూని వస్తుందని చిన్నప్పుడూ ఇలాగే సతాయించేదానివి. చిన్నదానివి, నీ దాష్టీకమేమిటే అనేదాన్ని. సరే, కూర్చున్నాను. బాగానే ఉన్నావన్నమాట."

అత్తగారు ఏడుస్తూ తలూపారు. ఫోన్లో తల కనపడదు కదా, అయినా ఊపారు.

తర్వాత "భోజనం చెయ్యి" నొక్కారు. వంటమనిషిని పళ్లెం తెమ్మని పెద్దత్తగారు గట్టిగా పిలవడం మాకు వినిపించింది.

ఆదివారం, ఉదయం

ఈ రోజు నుంచి కోపం మానేశాను!

లాప్‌టాప్ బీరువాలోంచి తీశాను. పెద్దత్తగారికి ఇక స్టోరు అవసరం లేదు. కానీ డాక్టరుగారి బెంచీ మీద నోరు మూసుకుని కూర్చున్నవాళ్లు అంతమంది ఉన్నారు. వాళ్లకీ ఎక్కడో ఒక అక్కో చెల్లెలో ఉండి ఉంటారు.

అత్తగారు నా పక్కనే కుర్చీ వేసుకుని, పలక మీద ఒక షరతు రాశారు. "అతిథి ఒక్కడే ఎందుకుండాలి? ఆ గ్రూపులో నన్ను కూడా వెయ్యండి. వాడు నొక్కితే నేను వింటాను."

వేశాను. రివ్యూవాళ్లకి చీటీ రాశాను. "అయ్యా, ఈసారి లోపల ఒక పెద్దావిడ ఉంటారు. గుర్తు తెలిసిన వ్యక్తే, భయపడకండి. ఆవిడకి కొన్ని మాటలే ఉన్నాయి, అన్నీ గద్దింపుగానే వినిపిస్తాయి. భోజనం చెయ్యమంటే మీ క్షేమం అడుగుతున్నారని అర్థం. దయచేసి చేసి రండి."

అత్తగారు చదివి, ఒక చోట కామా పెట్టించారు. పంపేశాను.

స్థితి: వేచి ఉంది.
కోపం: లేదు. అప్పుడే గంటన్నర అయింది, ఒక్కసారి కూడా రాలేదు!